‘స్లాబ్ పని బరువు మోయడమే’ అన్న మెసేజ్‌ను నమ్మకండి

ఇల్లు కట్టుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘భూకంపాన్ని ఆపేది పిల్లర్లు. స్లాబ్ పని బరువు మోయడమే. అది కాస్త వంగితే ఇంకా మంచిది, కుదుపును మింగేస్తుంది. బీముల జోలికి పోనంతవరకు స్లాబ్‌ను ఎక్కడ కోసినా ఫర్వాలేదు’ అని అందులో ఉంది. ఇది నమ్మి కట్టేవాళ్లు ఉంటారనే నా భయం.

స్లాబ్ పని బరువు మోయడమే అన్న మాట తప్పు. బిల్డింగ్ బరువులో పెద్ద భాగం ఫ్లోర్లలోనే ఉంటుంది కాబట్టి, నేల కదిలినప్పుడు పక్కకు తోసే బలం కూడా ఎక్కువగా అక్కడే పుడుతుంది. దాన్ని పిల్లర్లకు, షీర్ వాల్స్‌కు (పక్కకు తోసే బలాన్ని తట్టుకునే కాంక్రీటు గోడలకు) చేరవేసేది స్లాబే. పక్కకు వంగకుండా ఉంటే ఎవరి గట్టిదనాన్ని బట్టి వాళ్లకు వాటా పంచుతుంది. వంగిందా, ఆ పంపకం చెడుతుంది.

వంగితే మంచిదన్న మాట అన్నిటికన్నా ప్రమాదం. 1994 జనవరి 17న కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్‌లో 6.7 తీవ్రతతో భూకంపం వస్తే, ప్రీకాస్ట్ పార్కింగ్ బిల్డింగులు, అంటే ముందే పోసిపెట్టిన కాంక్రీటు పలకలతో కట్టినవి, కొన్ని కూలాయి. వాటిలో కొన్నింట్లో షీర్ వాల్స్ పెద్దగా దెబ్బతినకుండా నిలబడే ఉన్నాయి, పడింది ఫ్లోర్లు. పలకల మీద పోసిన పల్చటి కాంక్రీటు సరిగ్గా అతుకుల దగ్గరే చీలింది, లోపలి వైర్ మెష్ తెగింది. పొడవాటి ఫ్లోరు విల్లులా వంగితే గోడల దగ్గర కదలిక కొంచెమే ఉంటుంది. మధ్యలో బరువు కోసం మాత్రమే పెట్టిన పిల్లర్లు మాత్రం తట్టుకోలేనంత పక్కకు జరుగుతాయి. సాగే గుణం ఉండాల్సింది బీములు, పిల్లర్లలో, అదీ ఇంజినీర్ లెక్కగట్టిన చోట. కుదుపు పైకి అంతగా పాకకుండా రబ్బరు బేరింగుల మీద నిలిపే బిల్డింగుల్లోనూ ఆ బేరింగుల మీద ఆనే ఫ్లోరు ఒకే ముక్కగా కదలాలి.

ఇక ఎక్కడైనా కోయొచ్చట! లిఫ్టు గోడనే షీర్ వాల్‌గా నమ్ముకున్న అపార్ట్‌మెంట్‌లో ఆ గోడను ఆనుకుని మెట్లకు, డక్టుకు మూడు వైపులా స్లాబ్ తెరిస్తే, బలం గోడకు చేరే దారి ఒక్క వైపే మిగులుతుంది. బీములు ఎంత భద్రంగా ఉన్నా లాభం లేదు. స్లాబ్‌లో సగానికి మించి ఖాళీ ఉంటే వంగే ఫ్లోరుగానే లెక్కించాలని భూకంపాలను తట్టుకునే కట్టడాలకు మన దేశంలో ఉన్న ప్రమాణం, ఐఎస్ 1893 కోడ్ (2016), చెబుతోంది. సగంలోపు ఉన్నా ఎక్కడ కోశారో చూడాల్సిందే.

పిల్లర్లు, బీములు, స్లాబ్ కలిపి పోసిన మామూలు ఇంటికి ఈ విషయంలో అంత టెన్షన్ అక్కర్లేదు. ప్రీకాస్ట్ పలకలైతే మాత్రం బిల్డర్‌ను నిలదీసి అడగండి: పైన పోసే కాంక్రీటు ఫ్లోర్ల మీద కనీసం 50 మిల్లీమీటర్లు, టెర్రస్ మీద 75 ఉందా? అందులో 6 ఎంఎం కమ్మీలు 150 మిల్లీమీటర్లకొకటి వేస్తున్నారా? బిల్డింగ్ పొడవు వెడల్పుకు మూడు రెట్లలోపే ఉందా? ఫ్లోరును వంగనిదిగా లెక్కించడానికి ఆ 2016 కోడ్ చెప్పిన షరతులు ఇవే.