ఒక రోజు, అయిదు మ్యూజియాలు, ఒక బిర్యానీ

‘కవర్ చేయడం’ అనే మాటను మన భాషలోకి తెచ్చినవాడు ఎవరో తెలియదు. తెలిస్తే రవీంద్రభారతిలో సభ పెట్టి, శాలువా కప్పి, ఆ శాలువాతోనే మూతి కట్టేయాలని నా కోరిక. కప్పడమంటే కవర్ చేయడమే కాబట్టి ఆయనకూ అభ్యంతరం ఉండకూడదు.

మా పెద్ద బావగారు శుక్రవారం రాత్రి నరసరావుపేట నుంచి ఫోన్ చేశారు. “ఏమోయ్ బావమరిదీ, తెల్లారేసరికి దిగుతున్నాం. పెళ్లి ఆదివారం. శనివారం ఊరికే కూర్చోవడం దేనికి? మ్యూజియాలన్నీ కవర్ చేసేద్దాం.” ఒక్క రోజు ముందు దిగి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. శుక్రవారం సాలార్‌జంగ్‌కు సెలవు, చౌమహల్లాకూ సెలవు. హైదరాబాదులో కాపురముంటూ ఊళ్లో బంధువులున్న ప్రతివాడూ ఆ సెలవు పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టుకోవాలి.

పది నిమిషాల్లో వాట్సాప్‌లో కార్యక్రమం వచ్చింది. పది గంటలకు సాలార్‌జంగ్. పన్నెండున్నరకు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం. ఒకటిన్నరకు బిర్యానీ. మూడింటికి చౌమహల్లా. నాలుగింటికి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ. అయిదింటికి బిర్లా సైన్స్ మ్యూజియం. అన్నిటికన్నా కింద ‘వీలైతే చార్మినార్’. ఈ పట్టికలో నన్ను బాగా ఆకట్టుకున్నది బిర్యానీకి ఇచ్చిన గంటన్నర. రెండువేల ఏళ్లకు పైగా పడుకుని ఉన్న ఈజిప్టు ఆడకూతురికి రానూ పోనూ కలిపి గంట.

సాలార్‌జంగ్‌లో నలభై దాకా గ్యాలరీలున్నాయి. గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఒకటుంది, దాని దగ్గర సీటు కోసం అరగంట తీసేస్తే మాకు మిగిలింది గంటన్నర. అంటే గ్యాలరీకి రెండు నిమిషాల చిల్లర. నూడుల్స్ ప్యాకెట్ మీద రాసి ఉండే టైము అది. 1968లో సాలార్‌జంగ్‌ల పాత భవనం దివాన్ దేవిడీ నుంచి ఈ సామానంతా ఇక్కడికి చేర్చారు. ఆ పెట్టెలు మోసిన కూలీలు కూడా మా బావగారికన్నా నెమ్మదిగా చూసి ఉంటారు.

ముసుగు రెబెక్కా దగ్గర మాత్రం ఆగాం. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఈ పాలరాతి పిల్లను 1876లో నిజాం దివాన్, అంటే ప్రధానమంత్రి, మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. ముసుగూ రాయే, ముఖమూ రాయే, అయినా ముసుగులోంచి ముఖం కనబడుతుంది. ఎదురుగా నిలబడితే ఒక్క క్షణం మన కళ్లను మనమే నమ్మం. బావగారు ఆ క్షణం కూడా వృథా చేయలేదు. “ఇప్పుడెంత పలుకుతుందంటావ్?” అన్నారు. నాకు తెలియదన్నాను. “పోనీ ఈ దారుల్‌షిఫాలో గజం ఎంతుంది?” అన్నారు. అది నాకు తెలుసు. చెప్పాను. అక్కడినుంచి బావగారు మ్యూజియాన్ని గజాల్లో చూడడం మొదలుపెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఆయన శ్రద్ధగా కొలిచింది ఆ ఒక్కటే.

తర్వాత మెఫిస్టోఫిలిస్, మార్గరెటా. ఒకే చెక్కలో ముందు వైపు గర్వంగా నిలబడ్డ సైతాను, వెనక వైపు తల దించుకున్న అమ్మాయి. వెనకనున్న అమ్మాయి కనబడాలని అక్కడ నిలువెత్తు అద్దం పెట్టారు. మా అక్కయ్య ఆ అద్దంలో జడ సర్దుకుంది, మేనల్లుడు క్రాఫు దువ్వుకున్నాడు, మా వెనకొచ్చిన కొత్త పెళ్లికొడుకు కాలరు సరిచేసుకున్నాడు. మార్గరెటా తల ఎందుకు దించుకుందో నాకు ఆ రోజే అర్థమైంది.

పదకొండున్నరకల్లా గడియారం ముందుకు చేరాం. అప్పటికే కుర్చీలన్నీ నిండిపోయాయి. మనుషులతో కాదు. కర్చీఫులు, వాటర్ బాటిళ్లు, ఒక చంటిపిల్ల టోపీ, ఒకచోట ఒంటరిగా ఒక చెప్పు. ఆర్టీసీ బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే విద్య మన జాతికి ఎంత మేలు చేసిందో అక్కడ చూడాలి. బావగారు ఎవరిదో కర్చీఫును ఇంకెవరిదో కర్చీఫు మీద పెట్టి మధ్యలో కూర్చున్నారు. నేను ముందు వరుసలో నేల మీద చతికిలబడ్డాను.

ఆ గడియారాన్ని కుక్ అండ్ కెల్వీ కంపెనీ దగ్గర కొన్నారు. లోపల మూడు వందల యాభైకి పైగా భాగాలు. పక్కన ఒక కమ్మరి సెకనుకొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. గంట కావడానికి మూడు నిమిషాల ముందు చిన్న తలుపు తీసుకుని గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికొస్తాడు. హైదరాబాదులో చెప్పిన టైముకన్నా మూడు నిమిషాలు ముందొచ్చే మనిషి నాకు తెలిసి ఇతనొక్కడే. ఇతనూ ఈ ఊరివాడు కాదు.

పదకొండూ యాభై ఏడుకు తలుపు తెరుచుకుంది. అదే క్షణంలో మూడు వందల చేతులు లేచాయి. చేతికో ఫోను. కొందరివి రెండు. ముందువాడి ఫోను వెనకవాడికి అడ్డం వచ్చింది కాబట్టి వెనకవాడు ముందువాడి ఫోనులో కనబడుతున్న గడియారాన్ని వీడియో తీశాడు. వాడి వెనకావిడ వాడి ఫోనును తీసింది. ఆవిడ వెనక ఒకాయన కర్రకు ఫోను తగిలించి పైకెత్తాడు, అది తిరగబడి ఆయన ముక్కునే మూడు నిమిషాలు రికార్డు చేసింది. బావగారు వీడియో కాల్ చేసి నరసరావుపేటలో ఉన్న వాళ్లమ్మగారికి చూపించసాగారు.

“అమ్మా, కనబడుతోందా?”

“ఎవరిదిరా ఆ బట్టతల?”

“అది మన బావమరిదిదే. దాని పైన చూడు, గడియారం!”

“పాపం, చిన్న వయసులోనే ఎంత ఊడిపోయిందిరా.”

గడ్డం మనిషి పన్నెండు దెబ్బలూ వరసగా, తొందర లేకుండా కొట్టాడు. పెద్దమ్మగారు ఆ పన్నెండు దెబ్బలూ నా జుట్టుకు వాడాల్సిన నూనె గురించి మాట్లాడారు. అతను లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత వెనకనుంచి ఒక గొంతు, “అంతేనా?”

ఆ ‘అంతేనా’ నేను ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఏటా వింటున్నాను. గొంతు మారుతుంది, జిల్లా యాస మారుతుంది, మాట మారదు. ఇంకేం కావాలి మనకు? ఆ గడ్డపాయన కిందికి దిగొచ్చి అందరి ఫోన్లూ ఛార్జింగు పెట్టాలా?

అసలు తప్పంతా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్‌దే అని నా అభిప్రాయం. ఆయన 1914లో దివాన్ పదవి వదులుకున్నాక హాయిగా గుర్రాలెక్కి తిరగక, చనిపోయేదాకా వస్తువులు కొంటూ కూర్చున్నాడు. ఒక గడియారం, ఒక రెబెక్కా, పక్కన ఐస్‌క్రీం బండి సరిపోయేవి. ప్రవేశ ద్వారం పక్కనే నిష్క్రమణ ద్వారం పెడితే సందర్శకులకు నడక తప్పేది, మిగతా గజాలు బావగారి చేతిలో పెడితే మంచి రేటుకు అమ్మిపెట్టేవారు.

ఆ మాటకొస్తే ఈ నగరపు మ్యూజియాల్లో ఒక వస్తువును నిజంగా శ్రద్ధగా చూసిన సందర్శకులు ఇద్దరు నాకు గుర్తున్నారు. 2018 సెప్టెంబరులో నిజాం మ్యూజియంలోకి వెంటిలేటరు గుండా తాడు పట్టుకుని దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు ఎత్తుకుపోయిన దొంగలు. ముందే వచ్చి, ఎక్కడ ఏముందో ఒకటికి రెండుసార్లు చూసుకుని వెళ్లారు. దొరికాక పోలీసులు చెప్పిందేమిటంటే, వాళ్లలో ఒకడు ఆ బాక్సులో అన్నం కూడా తిన్నాడట. ఏడో నిజాంకు కానుకగా వచ్చిన ఆ బాక్సులో ఆయన భోంచేశాడన్న దాఖలా నేను వినలేదు. దొంగతనాన్ని సమర్థిస్తున్నానని ఎవరూ కేసు పెట్టొద్దు. మనం రెండు నిమిషాల్లో కవర్ చేసే అద్దాల పెట్టె ముందు వాళ్లు ఎంతసేపు నిలబడి ఉంటారా అని ఆలోచిస్తున్నానంతే.

బయటికొస్తూ జేడ్ అనే విలువైన రాతితో చేసిన వస్తువుల గదిలోంచి నడిచాం. అక్కడ ఒక స్కూలు పిల్లలు. యాభై, అరవై మంది ఉంటారు. ఒకరి భుజం మీద ఒకరు చేతులేసి రైలుబండి. ముందొక మాస్టారు, వెనకొక మాస్టారు, నోట్లో ఈల. “ఆగొద్దు, నడవండి, ముట్టుకోవద్దు, నడవండి.” ఇల్తుత్‌మిష్ సుల్తాను పేరు చెక్కి ఉన్న జేడ్ వ్యాసపీఠం ముందు ఒక పాప ఆగింది. ఆరో తరగతేమో. రైలు తెగిపోయింది. “సార్, రాయిని ఇంత పల్చగా ఎట్లా చెక్కారు సార్?” అని అడిగింది. వెనక మాస్టారొచ్చి నెత్తి మీద ఒకటిచ్చాడు. “పరీక్షలో వస్తుందా అది? నడువ్. ఒంటిగంటకు బస్సు మాల్‌కెళ్లాలి.”

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు.

అది ప్రశ్నయ్యా! బడిలో పదేళ్లు బల్లలు అరిగేలా కూర్చోబెట్టినా మీరు పుట్టించలేని ప్రశ్న. ఒక రాయి ముందు నిలబడి ఆ పిల్ల దానంతటది అడిగింది. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పు, నామోషీ ఏముంది? పక్కన నిలబడి నువ్వూ చూడు. ఆ మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు, 1949లో పోయాడు. బతికినంతకాలం పోగేసింది చివరికి మన పిల్లలకు దక్కింది. ఆ పిల్లల్ని గేటు దాకా తీసుకొచ్చి, డబ్బులు వసూలు చేసి, చూడబోతే నెత్తిన కొడతారా? సిగ్గుండక్కర్లేదా? నేనేమన్నా పొడిచేశానా అంటే అదీ లేదు. నోరు తెరిచేలోపు ఈల మోగింది, రైలు కదిలింది. ఆ పాప మలుపు తిరిగేదాకా తల వెనక్కి తిప్పి చూస్తూనే వెళ్లింది. నేను అక్కడే నిలబడిపోయాను, బట్టతలతో సహా.

“ఏమోయ్, పన్నెండున్నరయింది, పురానీ హవేలీ పోతుంది!” అని బావగారు కేకేశారు.

“బావగారూ, ఇంకో అరగంట ఉందాం. ఒంటిగంటకు ఆ గడ్డపాయన మళ్లీ వస్తాడు. ఒక్క దెబ్బే కొడతాడు. అప్పుడు అక్కడ జనం ఉండరు, కుర్చీలన్నీ ఖాళీ. ఫోను జేబులో పెట్టుకుని తీరిగ్గా చూడొచ్చు.”

బావగారు నన్ను జాలిగా చూశారు.

“పన్నెండు చూశాం కదోయ్. అందులో ఒకటి కూడా కవరయిపోయింది.”