విమానం టికెట్‌తోనే సాయం అయిపోదు

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాక, మన ప్రభుత్వం జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా సుమారు 1.7 లక్షల మంది భారతీయులను స్వదేశానికి చేర్చింది. ఆ పని గొప్పదే. అయితే గల్ఫ్‌లో ఏ కష్టమొచ్చినా రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లను ఎక్కువగా ఇరికించేది కాగితమే.

పనిలో చేరగానే పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, చేతికి పోతుంది. హింస భరించలేక ఆ ఇల్లు వదిలితే పరారీ కేసు పెడతారు. ఇక మిగిలేది మన ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఒక్కసారికి పనికొచ్చే కాగితం. దానికి ఫొటోలు, పాత పాస్‌పోర్టు నకలు అడుగుతారు. నకలు లేకపోతే, మనిషి మన దేశస్థురాలేనా అని ఇక్కడి పోలీసులతో విచారణ చేయించాలి. పాస్‌పోర్టులో ఏజెంటు రాయించిన పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఇంకొకటి అయితే ఫైలు అక్కడే ఆగుతుంది. సరైన కాగితాలు లేనివాళ్లను శిక్ష లేకుండా వెళ్లిపోనిచ్చే క్షమాభిక్ష గడువేమో ఆగదు. 2018లో కువైట్ మొదట ఇచ్చింది జనవరి 29 నుంచి ఫిబ్రవరి 22 దాకానే. తర్వాత పొడిగించబట్టి సరిపోయింది.

రేషన్ కార్డు, పొలం పాస్‌పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచుకునే ఇళ్లివి. అదే కవర్లో పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్సు, వీసా కాపీ ఉండాలి. చివరి పేజీ మరీ ముఖ్యం: తల్లిదండ్రుల పేర్లు, చిరునామా అందులోనే ఉంటాయి. వెళ్లేముందే మరో కాపీ గ్రామ సచివాలయంలో తీసుకోవడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు.

విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల వల్ల ఇంకో నష్టం. విదేశంలో పనికి వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, లేకపోతే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా యోజన వర్తించదు. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలే! ఏజెంటుకు వేలల్లో పోసినవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లుండరు.

2020లో కరోనా వేళ విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల కోసం నడిపిన వందేభారత్ విమానాలకు ప్రయాణికులే టికెట్ కొనుక్కోవాల్సి వచ్చింది. ఎంబసీల దగ్గర సంక్షేమ నిధి ఉన్నా, అది బాగా నిరుపేదలని తేలినవాళ్లకే. నెలల తరబడి జీతం రాని మనిషి నిరుపేద కాక మరేమిటి? ఆ సంకటంలో ఆమెను రుజువులు తెమ్మనడం అన్యాయం.

విమానం ఎక్కే తొందరలో బకాయి జీతం అక్కడే వదిలేసి వస్తారు. ఎక్కేముందే తన తరఫున నడిపించే అధికారం మరొకరికి ఇస్తూ ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తే ఆ డబ్బు కోసం తర్వాతైనా కొట్లాడవచ్చు. ఇంటికి పంపిన డబ్బు రసీదులు నెలవారీగా పేర్చితే ఏ నెల నుంచి జీతం ఆగిందో చూపడానికి ఆధారం దొరుకుతుంది. ఈ రెండు పనులు చేయించడానికి, తెలుగు వచ్చిన మనిషిని ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే అక్కడి షెల్టర్‌లోనే కూర్చోబెట్టాలి.