పెళ్లి కావాల్సిన పిల్ల మూలుగ ఇవ్వకూడదా?

అనంతపురంలో మాకు బాగా తెలిసిన ఇంట్లో పదిహేడేళ్ల పిల్లోడికి అప్లాస్టిక్ అనీమియా వచ్చింది, అంటే ఎముకల్లోని మూలుగలో రక్తకణాలు సరిగా పుట్టని జబ్బు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కాళ్ల మీద కమిలిన మచ్చలు. బెంగళూరులో పరీక్ష చేస్తే, మూలుగలో కణాలు ఉండాల్సిన చోట కొవ్వు పేరుకుని ఉంది. సరిపోయే వాళ్ల మూలుగ తీసి ఎక్కించాలి. అక్కది సరిగ్గా మ్యాచ్ అయింది. తోడబుట్టిన వాళ్లలో ఒక్కొక్కరికి అలా కుదిరే అవకాశం 25 శాతమే. అంత అదృష్టం కలిసొస్తే ఇంట్లో పెద్దలు ఏమన్నారో తెలుసా? "పెళ్లి కావాల్సిన పిల్ల. వెన్నులోంచి తీసేస్తే రేపు ఎవరు చేసుకుంటారు?"

విన్నప్పటి నుంచి కడుపు మండిపోతోంది.

వెన్నుపాము జోలికి ఎవరూ పోరయ్యా! మత్తు ఇచ్చి, తుంటి ఎముకలోంచి సూదితో కొంత మూలుగ తీస్తారు. కొన్నాళ్లు అక్కడ నొప్పి, నీరసం ఉంటాయి. మత్తు ఇచ్చేటప్పుడు ఉండే కొద్దిపాటి రిస్క్ ఉంటుంది, కాదనను. కానీ ఇచ్చిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది.

ఎట్లా ఊరుతుందంటే, మూలుగలో రక్తకణాలను పుట్టించే మూలకణాలు ఉంటాయి. అవి చీలినప్పుడు అన్నీ రక్తకణాలుగా మారిపోవు. విత్తనానికి తీసిపెట్టుకున్న శనక్కాయల్లా కొన్ని మూలకణాలుగానే ఉండిపోతాయి. మిగతావి తలా ఒక దారి పడతాయి. ఎర్రకణం కాబోయేది హిమోగ్లోబిన్ నింపుకొని, చివరికి తన కేంద్రకాన్నే బయటికి నెట్టేసి రక్తంలోకి వస్తుంది. సుమారు 120 రోజులు తిరుగుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్ల సంగతి ఇంకా విచిత్రం. మూలుగలో మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం ఉంటుంది, దాని నుంచి తెగిపడే ముక్కలే ప్లేట్‌లెట్లు. వాటి ఆయుష్షు పది రోజుల లోపే. ఆ పిల్లోడికి ఎన్నిసార్లు ఎక్కించినా నిలవనిది అందుకే, వెనక నుంచి కొత్తవి పుట్టడం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఎర్రకణాలే సెకనుకు 20 లక్షలకు పైగా పుడతాయి. ఆ అక్క ఒంట్లో ఈ నిమిషం కూడా పుడుతున్నాయి.

తమ్ముడికి ఆపరేషన్ కూడా ఉండదు. ముందు కొన్ని రోజులు గట్టి మందులు ఇస్తారు, అదే కష్టమైన దశ. తర్వాత అక్క కణాలను రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుంటూ ఎముకల్లోకి చేరి, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో పని మొదలుపెడతాయి. ఇద్దరి బ్లడ్ గ్రూపులు వేరైతే, నెమ్మదిగా తమ్ముడి గ్రూపు అక్క గ్రూపుగా మారిపోతుంది! దీన్ని చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ పాపకు ఇరవై రెండేళ్లు. ఇంతమంది మాట్లాడారు కానీ ఆమెను అడిగినవాళ్లు లేరు. పెద్దలారా, ఒక్కసారి ఆమెను డాక్టరు ముందు కూర్చోనివ్వండి. సరే అన్నా, వద్దన్నా ఆమె నోటితోనే చెప్పనివ్వండి. ఈలోపు ఆ పిల్లోడికి రోజులు గడిచిపోతున్నాయి.