చేతిపంపు దగ్గరున్నంత మాత్రాన సరిపోదు

వెళ్లి నీళ్లు తెచ్చుకోవడానికి అరగంటకు మించి పట్టకపోతే ఆ కుటుంబానికి కనీస నీటి వసతి ఉన్నట్లేనంటూ తాగునీటిపై వచ్చిన ఒక వ్యాసం చెప్పిన కొలమానంతో నేను ఏకీభవించలేను. మా ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లో, ముఖ్యంగా కనిగిరి చుట్టుపక్కల, చేతిపంపు చేరువలోనే ఉన్నా, ఆ నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు పడ్డాయి, పెద్దల నడుములు, మోకాళ్లు బిగుసుకుపోయాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఈ ఫ్లోరైడ్ కాచినా పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. ఇథియోపియా, కెన్యా, టాంజానియాల రిఫ్ట్ లోయ పల్లెలదీ ఇదే బాధ. కూలి డబ్బుతో తాగడానికి 20 లీటర్ల క్యాను కొనుక్కుని, వంటకు మాత్రం ఆ పంపు నీళ్లే వాడే ఇల్లాలిని వసతి ఉన్నవారి లెక్కలో చేర్చడం అన్యాయం.