చప్పట్లు చాలు, సెలవు ఇవ్వండి

కొవిడ్ వార్డుల్లో నలిగిపోయిన వైద్యులు, నర్సుల మానసిక ఆరోగ్యంపై ఎన్ని సదస్సులు జరిగినా చివరికి తేలేది ఒక్కటే: ధ్యానం చేయండి, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఇది సమస్యను పక్కదారి పట్టించడమే. జబ్బు డ్యూటీ చార్టులో ఉంటే మందు నర్సుకు వేస్తున్నారు.

చైనాలో 34 ఆసుపత్రుల్లోని 1,257 మంది సిబ్బందిపై చేసిన అధ్యయనం 2020 మార్చిలో వెలువడింది. సగం మందిలో కుంగుబాటు లక్షణాలు, మూడోవంతు మందిలో నిద్రలేమి కనిపించాయి. నేరుగా కొవిడ్ రోగుల దగ్గర పనిచేసినవారిలో ఇవి మరీ ఎక్కువ. లోపం మనుషుల మనోబలంలోనే ఉంటే, బాధ డ్యూటీని బట్టి ఎందుకు మారుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పనిలో సత్తువంతా ఇంకిపోయే స్థితిని, అంటే బర్నౌట్‌ను వ్యాధుల్లో చేర్చలేదు. అదుపు చేయని పని ఒత్తిడి ఫలితమనే చెప్పింది.

అలసట ఒక్కటే అయితే నాలుగు రోజులు నిద్రపోతే తీరేది. వార్డులో జరిగింది వేరు. పీపీఈ కిట్ వేసుకుంటే గంటల తరబడి గుక్కెడు నీళ్లు లేవు, మూత్రానికి వెళ్లే వీల్లేదు. ఆ అవతారంలోనే నర్సు ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్‌ను రోగి ముఖం ముందు పట్టుకుని నిలబడాలి. అవతల కుటుంబం కడసారి చూసుకుంటూ ఏడుస్తుంటుంది. కాల్ ముగియగానే పక్క మంచం దగ్గర అలారం. వెంటిలేటర్ ఒకటే ఉండి ఇద్దరికి అవసరమైనప్పుడు ఎవరికి పెట్టాలో తేల్చింది ఓ డాక్టర్. సరిపడా కొనకుండా ఊరుకున్నవారు ఆ గదిలో లేరు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులకు చికిత్స చేసిన మనోవైద్యుడు జొనాథన్ షే ఇలాంటి గాయాన్నే నైతిక గాయం అన్నారు. తప్పని తెలిసిన పనిని చేయాల్సి వచ్చినవాడికి ఊపిరి వ్యాయామాలు ఏం చేస్తాయి?

మహమ్మారి ముంచుకొచ్చాక రాత్రికి రాత్రి సిబ్బందిని ఎక్కడి నుంచి తెస్తారు, కౌన్సెలింగ్ అయినా ఇవ్వనివ్వండి అంటారు కొందరు. ఇవ్వండి, కాదనడం లేదు. కానీ 2003లో కొవిడ్ లాంటిదే అయిన సార్స్ వ్యాధి వచ్చిన కెనడా నగరం టొరంటోలో ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా ఆసుపత్రి సిబ్బందిలో ఆ వేదన తగ్గలేదు. శిక్షణ, రక్షణ, అండ సరిగా దొరికాయన్నవారిలో మాత్రం అది తక్కువ. కొవిడ్‌కు ముందు పదహారేళ్లకు పైగా గడువు దొరికింది. రాత్రికి రాత్రి అన్న మాట ఇక చెల్లదు.

నన్ను ఎక్కువగా మండించేది ‘యోధులు’ అన్న పొగడ్త. యోధుడికి ఓవర్‌టైమ్ ఉండదు, సెలవు అడిగితే పారిపోయినట్టే. 2020 జనవరి నుంచి 2021 మే వరకు కొవిడ్‌తో 80 వేల నుంచి లక్షా 80 వేల మంది ఆరోగ్య సిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ రెండు అంకెల మధ్య లక్ష ప్రాణాల తేడా ఉంది. పూలు చల్లిన ప్రభుత్వాలు పోయినవారిని సరిగా లెక్కపెట్టలేదు. పారిశుద్ధ్య కార్మికులదీ, అంబులెన్స్ డ్రైవర్లదీ ఇదే కథ: త్యాగమూర్తి అన్న బిరుదు ఇచ్చి జీతం, విశ్రాంతి, పరిహారం గురించి నోరెత్తకుండా చేస్తారు. చేయి విరిగితే పనిలో తగిలిన దెబ్బగా ఒప్పుకునే చట్టం, వార్డులో విరిగిన మనసుకూ అదే పరిహారం, అంతే జీతంతో సెలవు ఇవ్వాలి. సహాయం కోరితే లైసెన్సు పోతుందన్న భయం లేకుండా చూడాలి. ఒక్కో నర్సుకు ఎందరు రోగులన్నది తదుపరి మహమ్మారి రాకముందే చట్టంలో రాయాలి.