ఏడున్నర స్లాటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మాటీవీలో సీరియల్ వేసే వేళ, రాత్రి ఏడున్నర స్లాటు గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. కాకపోతే గురువారం, ఏ ఛానల్‌ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ రేటింగులు రాగానే ఎలాగూ లోకమంతా తెలిసిపోతుంది.

2015లో స్టార్ వాళ్లు మాటీవీని కొన్నారు. కొన్నది ఛానలే అయినా, దాని జాతకం మాత్రం మీ దగ్గరే ఉండిపోయింది. 2017 అక్టోబరులో మలయాళం నుంచి ఒక కథ తెచ్చి, 'కార్తీకదీపం' అని పేరు పెట్టి ప్రసారం మొదలుపెట్టారు. అది మీ దగ్గర పాతుకుపోయి, 1,500కి పైగా ఎపిసోడ్లు నడిచింది. మీ వంశానికి ఈ వైభవం కొత్తేమీ కాదులెండి. 'చక్రవాకం', 'మొగలిరేకులు' సీరియళ్ల రోజుల్లో జెమిని టీవీలో మీ పెద్దలు కూడా ఇలాగే వెలిగారు.

'కార్తీకదీపం' హీరో డాక్టర్ బాబుకి భార్య దీప మీద అనుమానం, పిల్లలు తన పిల్లలేనా అని. అంత చదువుకున్న డాక్టరు ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించుకోడా అని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నారు, మీమ్స్ చేసి మరీ బతిమాలారు. వెర్రివాళ్లం. ఆ రిపోర్టు ఖరీదు మాకేం తెలుసు? అది వస్తే కథ అయిపోతుంది. కథ అయిపోతే పది సెకన్ల యాడ్ రేటు జారుతుంది. మీరు ఎనిమిది గంటల సీరియల్‌కి అప్పగించే జనం తగ్గుతారు, ఎనిమిదిన్నరకి ఇంకా పల్చబడతారు, ఆదివారం సినిమా ప్రోమో చూసే దిక్కుండదు. ఒక మగాడి అనుమానం మీద ఇంతమంది జీతాలు నడుస్తుంటే, అది తీరితే ఎవరికి లాభం?

అందుకే కెమెరాకి అంత ఓపిక. దీప గుమ్మంలో నిలబడుతుంది. కెమెరా ఆమె ముఖం మీదికి మూడుసార్లు దూకుతుంది. అత్తగారి ముఖం మీదికి మూడుసార్లు. కాఫీ పట్టుకొచ్చిన పనివాడి మీదికీ ఒకసారి, పాపం. డైలాగు వినపడదని మా ఇంట్లో కుక్కర్ కింద స్టవ్ కట్టేసేవారు. తీరా చూస్తే డైలాగు ఉండదు, ఉరుము ఉంటుంది. ఆపైన 'తరువాయి భాగం'. అన్నం మాత్రం బిరుసుగా మిగిలేది.

మీ అసలు ప్రతాపం 2020లో చూశాను. ఆ ఏడాది ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా సరిగ్గా ఏడున్నరకే. అదీ స్టార్ వాళ్లదే, ఇదీ స్టార్ వాళ్లదే, హాల్లో టీవీ మాత్రం ఒక్కటే. ఐదేళ్ల హక్కులకి 16,347 కోట్లు పోసి కొన్న క్రికెట్టు, మా ఇంట్లో వంటలక్క, అదే మన దీప, ముందు చేతులు కట్టుకుని నిలబడింది. నేను స్కోరు ఫోన్‌లో చూసుకున్నాను, అదీ సౌండ్ తీసేసి.

2022లో మీకు ధైర్యం ఎక్కువైంది. కారు ప్రమాదంలో దంపతులిద్దర్నీ చంపేసి, పెద్దవాళ్లయిన పిల్లలతో కథ నడిపించారు. రేటింగు మొహం వేలాడేసింది. ఇంకేముంది, కొన్ని నెలల్లోనే ఇద్దరూ బతికొచ్చారు. యముడి దగ్గర సావిత్రి అంత వాదించింది గానీ, చేతిలో ఒక టీఆర్పీ చార్టు ఉంటే రెండు నిమిషాల్లో పని అయ్యేది.

2023 జనవరి 23న దీపం కొండెక్కింది. మర్నాడే మీ ఒళ్లో 'బ్రహ్మముడి' అనే కొత్త సీరియల్ కూర్చుంది. ఒక్క పూట మైల కూడా పట్టలేదు మీరు. మా ఆవిడ మాత్రం రెండ్రోజులు కొత్తవాళ్ల ముఖం చూడనని భీష్మించుకుంది. మూడోరోజు, "ఆ పిల్ల బాగానే చేస్తోందండీ" అంది.

ఇక అసలు సంగతి. 2024 మార్చిలో అదే జంటతో 'కార్తీకదీపం' రెండో భాగం మొదలుపెట్టి, వంటలక్కని మీ పక్కింటి ఎనిమిది గంటల స్లాటుకి కట్టబెట్టారు. ఛానల్‌ని అన్నేళ్లు మోసింది మీరైతే, వాటా ఆయనకా? దీని మీద మీరు కోర్టుకెక్కితే సాక్ష్యం చెప్పడానికి నేను రెడీ. వాయిదా మాత్రం పగటిపూట పెట్టించండి. ఏడు దాటితే మా ఆవిడ బయటికి పంపినా, తిరిగొచ్చాక తలుపు తియ్యదు.

ఇట్లు,
రిమోట్ దక్కని ఒక ఇంటి యజమాని