తొలి రెండు గంటలు ఇక్కడే గడవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి జబ్బు పేరు తెలిసేసరికే చాలా ఆలస్యమవుతోంది. దగ్గు, కళ్లెలో నెత్తుటి చార, బరువు తగ్గడం చూసి ముందు క్షయ అనుకుంటారు. నెలల తరబడి టీబీ మాత్రలు మింగినా తగ్గకపోతే అప్పుడు స్కానింగ్, ఆ తర్వాత ముక్క పరీక్ష (బయాప్సీ). అప్పటికి చాలామందికి ఆపరేషన్ దశ దాటిపోతుంది. అందువల్ల పరిశోధనకు కణజాలం కావాలంటే, ఆపరేషన్ థియేటర్ నుంచి గుప్పెడంత కణితి వస్తుందన్న లెక్క ఇక్కడ కుదరదు. ఇక్కడ దొరికేవి మూడే. సూదితో తీసిన దారపు పోగుల్లాంటి ముక్కలు, పది మిల్లీలీటర్ల రక్తం, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు. మన జిల్లాలకు, పరిశోధన కోసం రోగుల నమూనాలు దాచే బయోబ్యాంకు గురించి ఆలోచించేవారు భవనం నుంచి కాక ఈ మూడింటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ నీటి సంగతే ముందు చెప్పుకోవాలి, ఎక్కువగా వృథా అయ్యేది అదే కాబట్టి. ఆయాసంతో వచ్చిన రోగికి లీటరు దాకా నీరు తీస్తారు. కొద్దిగా ల్యాబుకు పంపి మిగతాది పారబోస్తారు. నిజానికి క్యాన్సర్ వల్ల చేరిన నీటిలో కణితి కణాలు తేలుతుంటాయి. గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపి, 100 మిల్లీలీటర్లకు తగ్గకుండా తీసుకుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు అడుగుకు చేరతాయి. వాటిని ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం), త్రాంబిన్‌తో గడ్డ కట్టించి, ఫార్మలిన్‌లో ఉంచి మైనం దిమ్మ చేస్తే, కణితి కణాలు తగినన్ని ఉన్నప్పుడు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలకు అది బయాప్సీ ముక్కతో సమానంగా పనికొస్తుంది. పైన తేరిన ద్రవంలోనూ కణితి డీఎన్ఏ ఉంటుంది, దాన్ని విడిగా గడ్డకట్టించి దాచవచ్చు. వెంటనే తిప్పడం కుదరకపోతే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఒక రాత్రి నిలుస్తుంది. తిప్పకముందే డీప్ ఫ్రీజర్‌లో పెడితే మాత్రం కణాలు పగిలిపోతాయి. చల్లగా ఉంటే చాలు పాడవదన్న నమ్మకం ఈ పనిలో చేసే చేటు అంతా ఇంతా కాదు.

రక్తం విషయంలోనూ ఇదే తంతు. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తం నుంచి రెండు గంటల్లో, తప్పితే నాలుగు గంటల్లో ప్లాస్మా వేరు చేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ ప్లాస్మాలో కలుస్తుంది. కణితి నుంచి వచ్చే డీఎన్ఏ అసలే కొసరు, ఆ వెల్లువలో అది కనిపించదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు 250 కిలోమీటర్ల దాకా ఉంది. పొద్దున తీసిన ట్యూబు బస్సెక్కి చేరేసరికి దాని గడువు తీరిపోతుంది. ఐస్ గడ్డకు ఆనించి పంపితే ఎర్రకణాలు చిట్లి ప్లాస్మా గులాబీ రంగుకు మారుతుంది. కణాలు చిట్లకుండా కాపాడే ప్రత్యేక ట్యూబులున్నాయి, అవి గది వేడిలో రోజుల తరబడి నిలుస్తాయి. కానీ మామూలు ట్యూబు కంటే వాటి ధర ఎన్నో రెట్లు. వాటినీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఆకుపచ్చ మూత ట్యూబులో గడ్డకట్టకుండా కలిపే హెపారిన్, డీఎన్ఏకు నకళ్లు తీసి చూసే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది కాబట్టి ఈ పనికి అది పనికిరాదు.

అందుకే ప్లాస్మా వేరు చేయడం శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనే జరగాలన్నది మా అభిప్రాయం. ఇది కొండను తవ్వే పనేమీ కాదు. చేతికి కట్టిన పట్టీ నిమిషం లోపు విప్పాలి. 21 గేజ్ సూది వాడాలి. ట్యూబును ఎనిమిది నుంచి పదిసార్లు నెమ్మదిగా తిరగేయాలి, కుదపకూడదు. తర్వాత గురుత్వ బలానికి 1600 రెట్ల వేగంతో పది నిమిషాలు, బ్రేకు వేయకుండా తిప్పాలి. మన ల్యాబుల్లోని పాత యంత్రాల మీద నిమిషానికి చుట్లు మాత్రమే కనిపిస్తాయి. రోటార్ వ్యాసార్ధం 16 సెంటీమీటర్లయితే సుమారు 3000 చుట్లు, 10 సెంటీమీటర్లయితే దాదాపు 3800. ఈ లెక్క కాగితం మీద రాసి యంత్రానికి అంటించకపోతే రెండు ఆసుపత్రుల ప్లాస్మా రెండు రకాలుగా తయారవుతుంది. తెల్లకణాల పొర మీద అర సెంటీమీటరు వదిలి పైది మాత్రమే తీసి, 16,000 రెట్ల వద్ద మరో పది నిమిషాలు తిప్పాలి. అర మిల్లీలీటరు చొప్పున చిన్న సీసాల్లో పంచి దాస్తే, ఒక పరీక్ష కోసం మొత్తం కరిగించాల్సిన అవసరం రాదు. తెల్లకణాల పొరను కూడా దాచాలి. కనిపించిన మార్పు కణితిదా, రోగి పుట్టుకతో తెచ్చుకున్నదా, వయసుతో రక్తకణాల్లో వచ్చిందా అని తేల్చేది అదే.

బయాప్సీ ముక్క మీద మొదటి హక్కు రోగ నిర్ధారణది. పరిశోధనకు మిగిలితేనే. మిగలాలంటే పొదుపు తెలియాలి. నాలుగైదు ముక్కలు వస్తే రెండు దిమ్మలుగా పోయాలి. టీటీఎఫ్-1, పీ40 అనే రెండు రంగు పరీక్షలతో క్యాన్సర్ రకం తేలుతున్నప్పుడు పది రకాలు వేయడం దుబారా. బజారులో దొరికే గాఢ ఫార్మలిన్‌లో కుళాయి నీళ్లు కలిపే అలవాటు ఇంకో బెడద. అది ఫార్మిక్ ఆమ్లంగా మారి డీఎన్ఏను ముక్కలు చేస్తుంది. 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 4 గ్రాముల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిపితే సరిపోయేదానికి పేదరికం సాకు కాదు. ద్రవం ముక్కకు పది రెట్లుండాలి. ముక్క అందులో ఉండే సమయం ఆరు గంటలకు తగ్గకూడదు, 48 గంటలు దాటకూడదు. శనివారం మధ్యాహ్నం తీసిన ముక్క సోమవారం సాయంత్రానికి ఆ హద్దు దాటుతుంది కనుక బయాప్సీలు సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోవడం మేలు. ఆర్‌ఎన్‌ఏ (డీఎన్ఏ లాంటి మరో జన్యు పదార్థం) కోసమైతే, ముక్కను గడ్డకట్టించే ద్రవ నత్రజని లేని చోట ఆర్‌ఎన్‌ఏ లేటర్ ద్రావణం ఉంది. అర సెంటీమీటరుకు మించని ముక్క అందులో గది వేడిలోనే వారం నిలుస్తుంది.

నిల్వకు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కావాలి. కొన్న రోజున ఫొటోలు దిగుతారు, తర్వాత దుమ్ము పట్టిన ఫిల్టరును ఎవరూ చూడరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు పోయిన మైనస్ 80 ఫ్రీజర్ కొన్ని గంటల్లోనే మైనస్ 50కి ఎక్కుతుంది. జనరేటరుతో పాటు దానికి డీజిల్ ఎవరు పోయాలో ముందే రాసి ఉండాలి. ఒక రోగి సీసాలన్నీ ఒకే ఫ్రీజర్‌లో పెట్టకూడదు. సగం ఇక్కడ, సగం విశాఖలో ఉండాలి. మన రోగులు ఎలాగూ చేరే విశాఖ అగనంపూడి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి వైపే దీర్ఘకాలిక నిల్వ ఉండటం సబబు. ఐఐటీ మద్రాస్‌లో జాతీయ క్యాన్సర్ కణజాల బ్యాంకు ఉండగా జిల్లాకో బ్యాంకు కట్టాలన్న డిమాండును మేము సమర్థించం.

సీసా మీద అంకె ఒక్కటే ఉంటే అది చెత్తతో సమానం. రోగి చుట్ట తాగుతారా, బీడీయా, ఎన్నేళ్లు, రోజుకెన్ని అన్నది రాయాలి. మన తీరప్రాంత మహిళల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం దశాబ్దాల క్రితమే నమోదైంది. ఆ పొగ ఊపిరితిత్తి కణితిలో ఏ గుర్తు వదులుతుందో చూడాలంటే ప్రశ్నావళిలో అడ్డపొగకు విడిగా గడి ఉండాలి. సిగరెట్ల లెక్కకు తయారైన విదేశీ ఫారంలో అది ఉండదు. కట్టెల పొయ్యి, పలాస జీడి బట్టీ, టెక్కలి గ్రానైట్, నెల్లిమర్ల జనపనార మిల్లు, గరివిడి ఫెర్రో పరిశ్రమ, గతంలో వాడిన టీబీ మందులు కూడా అడగాలి.

అనుమతి కాగితం సంగతి తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కిడ్నీ జబ్బు కారణం వెతుకుతూ ఉద్దానంలో పలు బృందాలు రక్తం, మూత్రం, నీటి నమూనాలు సేకరించాయి. పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ కనిపించలేదన్న మాట ఆ ఊళ్లలో కొత్తది కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు నమూనాల నిల్వకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాయి. ఈ ఒక్క అధ్యయనానికే ఇస్తున్నానా, భవిష్యత్తులో దేనికైనా ఇస్తున్నానా, చికిత్సకు పనికొచ్చే విషయం బయటపడితే నాకు చెబుతారా అన్నవి రోగి విడివిడిగా ఎంచుకోగలగాలి. సూది గుచ్చే బల్ల మీద పడుకున్న మనిషి చేత వేలిముద్ర వేయించడం అనుమతి కాదు. ముందురోజు వార్డులో, కొడుకో కూతురో పక్కనుండగా, ఆ మనిషి మాట్లాడే యాసలో చెప్పాలి. చదవలేనివారికి ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఇవ్వనంటే వైద్యంలో తేడా రాదని, ఇచ్చాక మనసు మారితే సీసాను తీసేస్తారని స్పష్టంగా చెప్పాలి.

ఈ పనికి ఒక్కో ఆసుపత్రికి ఇద్దరు టెక్నీషియన్లు, ఒక కౌన్సిలర్ కావాలి. ఏటా మారే కాంట్రాక్టు కుర్రాళ్లతో ఇది సాగదు. నేర్చుకున్నవాడు వెళ్లిన నెలలో తీసిన ప్లాస్మా, తర్వాత ఎన్నేళ్లకు బయటికి తీసినా ఆ తేడాను చూపిస్తుంది. ఫ్రీజర్ టెండరు పిలిచే ముందు ఈ ఆరు పోస్టులను రెగ్యులర్‌గా మంజూరు చేయాలి.